అమ్మేసిన గిర్ని చప్పుడు

పిండి గిర్ని అమ్మేసిన తొమ్మిదో రోజు సాయంత్రం ఆగమ్మ రోజూ చేసినట్టే షట్టర్ కిందికి లాగి, తాళం వేసి, తాళంచెవి కొంగున ముడేసుకుని ఇంటికి వెళ్లింది. కాళ్లు కడుక్కుని టీ పెట్టుకుంది. సగం తాగాక గిర్ని ఇప్పుడు తనది కాదని గుర్తొచ్చింది. మిగతా సగం తాగుతుండగా, కొన్న మనిషి లోపలే ఉందని గుర్తొచ్చింది.

గిర్నికీ ఆగమ్మ ఇంటికీ మధ్య ఉన్నది చంద్రపూర్ బాబుపేట్‌లో ఒక సందు మాత్రమే. ఒక ఆటో వస్తే ఎదురొచ్చే సైకిలు ఎవరి గుమ్మంలోకో ఎక్కాల్సినంత సందు. అయినా ఆగమ్మ టీ పూర్తిచేసే వెళ్లింది. వాన జోరుగా పడుతోంది. రేకుల మీద ఆ మోతలో లోపలి మనిషి షట్టర్ ఎంత బాదినా వీధికి వినపడదు. తాళం తీసి షట్టర్ లేపేసరికి ఎదురుగా సౌజన్య, నెత్తికి తువ్వాలు కట్టుకుని, చేతిలో పొడుగు చీపురుతో, కనురెప్పల దాకా తెల్లగా నిలబడి ఉంది.

"ఎంతసేపాయె బిడ్డా?"

"ముప్పావు గంట పెద్దమ్మా. మిషిను వెనక ఊడుస్తున్న, తాళం పడ్డ చప్పుడు ఇన్న. ఒర్లిన, ఎవ్వరికి ఇనవడలే. ఫోను చూస్తే స్కూటీ డిక్కీల ఉండె. సరే, లోపలనే ఉన్న గద అని పైన దూలాలన్ని దులిపిన." చీపురుతో పైకి చూపించింది. "ఇరవై ఏండ్ల పిండి ఉండె పైన."

ఆ పిల్ల కోపమైనా చేసుకోలేదు. చెయ్యి చాపి, "ఆ రెండో చెవి గూడ ఇచ్చేయి పెద్దమ్మా" అంది. కొంగు ముడి విప్పడానికి ఆగమ్మకు చాలాసేపు పట్టింది. ముడి తడిసి బిగుసుకుపోయిందని ఆమె చెప్పుకుంది. ఆ ముడి కన్నా, 'ఇరవై ఏండ్ల పిండి' అన్న మాట ఎక్కువ బిగుసుకుంది.

ఇంట్లో ఆమె భర్త రాయమల్లుకు సంగతంతా గట్టిగా అరిచి చెప్పాల్సి వచ్చింది. ముప్పై ఏళ్లు బొగ్గు గని లోపల డ్రిల్లింగ్ చేసి రిటైరైన మనిషి, రెండు చెవుల్లో ఒకటిన్నర గనికే ఇచ్చి వచ్చాడు.

"మర్చిపోయి వేసిన" అంది ఆగమ్మ.

"నీ చేతులకు మతిమరుపు ఎక్కువ" అన్నాడు రాయమల్లు. "తాళం వేసుడు మాత్రం మర్చిపోవు."

ఆగమ్మకు యాభై తొమ్మిదేళ్లు. అందులో ఇరవై రెండు ఆ గిర్నిలోనే గడిచాయి. గోధుమలు, జొన్నలు, బియ్యం, శనగపప్పు, ఇంకో మూల చిన్న మిషిను మీద కారం, పసుపు. డబ్బా చూస్తే ఆమెకు ఇల్లు తెలుస్తుంది, ఇల్లు తెలిస్తే ఎలాంటి పిండి పట్టాలో తెలుస్తుంది. ఎవరూ నోరు తెరవనక్కర్లేదు. ఎవరైనా కొత్తగా కాపురానికొచ్చిన కోడలు డబ్బా దించి, "అత్తా, జర సన్నగ..." అని మొదలుపెడితే, ఆగమ్మ చెయ్యి ఎత్తి ఆపేసేది. "మీ ఇంటి పిండి నాకు తెల్వదా బిడ్డా? నువ్వు రాకముందుకెళ్లి పడుతున్న." క్యూలో అందరూ నవ్వేవాళ్లు. కోడలు కూడా నవ్వేది. చీటీలు లేవు, గుర్తులు లేవు, నూట ముప్పై ఇళ్లు ఆమె తలలో ఉండేవి. ఈ సంగతి ఆమె అందరికీ చెప్పేది. అడగని వాళ్లకు కాస్త ఎక్కువ చెప్పేది.

మరి అంత గిర్నిని ఎందుకు అమ్మిందంటే, దగ్గు. ఇరవై రెండేళ్ల పిండి దూలాల మీదే కాదు, ఆమె ఊపిరితిత్తుల్లోనూ పేరుకుంది. గడ్‌చాందూర్‌లో ఉండే కూతురు జ్యోతిలక్ష్మి ఒకరోజు బస్సు దిగి నేరుగా గిర్నిలోకి వచ్చి మోటారు తనే బంద్ చేసి, "నువ్వన్న ఉండాలె, గిర్నన్న ఉండాలె, ఏదో ఒకటి చెప్పు" అంది. ఆగమ్మ కొంచెం ఆలోచించే సమయం అడిగింది. ఆలోచన ఎందుకు పట్టిందని జ్యోతిలక్ష్మి ఇప్పటికీ దెప్పుతుంది.

కొన్నది సౌజన్య. పుట్టిల్లు తెలుగు, మరాఠీ నేలల సరిహద్దులో ఉన్న లక్కడ్‌కోట్. చదువంతా మరాఠీలో, ఇంట్లో మాట తెలుగు. భర్త వినాయక్ బడిపిల్లల వ్యాను నడుపుతాడు. ఆగమ్మ బేరంలో ఒక మాట పెట్టింది. దసరా దాకా కరెంటు మీటరు తన పేరు మీదే ఉంటుంది. అప్పటిదాకా నడిపి చూడు, నీ వల్ల కాకపోతే గిర్ని నాకు, నీ పైసలు నీకు. దసరా దాటితే మీటరు నీ పేరుకు మారుతుంది, మాట అయిపోయింది. ఈ షరతు విని వాడకట్టంతా ఆగమ్మ మంచితనాన్ని మెచ్చుకుంది. ఆగమ్మ కూడా వద్దనలేదు. లోపల ఆమె లెక్క వేరు. నెలన్నర తిరక్కుండా ఆ పిల్ల ఏడుస్తూ వచ్చి తాళాలు ఇస్తుంది. అప్పటికి దగ్గు తగ్గిపోతుంది.

అప్పజెప్పే రోజు మోటారు, బెల్టు పట్టా, రాళ్లు, కాంటా, బల్ల అన్నీ చూపించాక సౌజన్య అడిగింది. "ఇంకేమన్న చెప్పేదున్నదా పెద్దమ్మా?"

ఆగమ్మ తలలో నూట ముప్పై ఇళ్లు ఉన్నాయి. రాయి అరిగితే ఎలా మోగుతుందో ఉంది.

"ఏముంటది బిడ్డా" అంది ఆగమ్మ. "పోస్తే పడ్తది."

మొదటి రెండు వారాలు ఆగమ్మకు పండగలా గడిచాయి. రాజురా వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ బాపురావు ఒక పొద్దున గుప్పిట్లో పిండి పట్టుకుని వాకిట్లోకి వచ్చాడు. గుప్పిట విప్పి, "ఆగమ్మా, ఇది పిండేనా? ఉప్మా చేసుకోమన్నదా మమ్ముల?" అన్నాడు. ఆగమ్మ పిండిని వేళ్ల మధ్య నలిపింది. నిజమే, రవ్వ. ఆమె ముఖం మీద బాధ ఎంత బాగా నిలిచిందంటే, బాపురావు ఆమెనే ఓదార్చాల్సి వచ్చింది. ఆయనకు టీ పెట్టింది. అందులో చక్కెర మామూలు కన్నా రెండు చెంచాలు ఎక్కువ పడింది. ఆ వారం అలాంటి టీలు ఏడు పెట్టింది. చక్కెర డబ్బా ఖాళీ అయిందని రాయమల్లు అడిగితే, "మంది దుఃఖం జూడలేక" అంది.

మూడో వారం నుంచి టీ తాగడానికి ఎవరూ రాలేదు.

ఆగమ్మ వాకిట్లో కూర్చుని ఎదుటి గిర్నిని వింటుంది. కళ్లు పప్పు ఏరుతుంటాయి, చెవులు సందు దాటి ఉంటాయి. మోటారు బరువుగా మూలిగితే జొన్నలు, తేలిగ్గా పరిగెత్తితే గోధుమలు, మధ్యలో గతుక్కుమంటే ఎవరో తడి ఆరని బియ్యం తెచ్చారు. ఇప్పుడు మోటారు రోజంతా ఆగకుండా మోగుతోంది. తన కాలంలో మధ్యాహ్నం గంటసేపు ఆగేది. ఈ పిల్లకు మధ్యాహ్నాలు కూడా గిరాకీ. ఎండాకాలం చంద్రపూర్ ఎండ కూడా ఆగమ్మ కడుపులో ఇంత మంట పెట్టలేదు.

కారణం తెలుసుకోవడానికి గిర్ని పక్క కిరాణా కొట్టుకు వెళ్లి, అక్కర్లేని చింతపండు కొంది. మర్నాడు అక్కర్లేని సబ్బు కొంది. మూడో రోజు దుకాణం అతను, "ఇంకేం లేదు పెద్దమ్మా, ఇంక అగరుబత్తులే మిగిలినయ్" అన్నాడు. అగరుబత్తులు కొనేటప్పుడు ఆమెకు అసలు విషయం కనపడింది.

కాంటా పక్కన బల్ల మీద మూడు స్టీలు మూతలు. ఒకదాంట్లో మెత్తటి పిండి, ఒకదాంట్లో మధ్యరకం, ఒకదాంట్లో బరకది. డబ్బా దించగానే సౌజన్య, "వేలు పెట్టి చూడుండ్రి, ఏది గావాలె?" అంటోంది. వాళ్లు మూడింట్లో వేళ్లు పెట్టి, నలిపి, ఒకటి చూపిస్తున్నారు. సౌజన్య డబ్బా చెవికి రంగు దారం కడుతోంది. సన్నానికి తెల్లది, మధ్యరకానికి పచ్చది, బరకకు ఎర్రది. చదువొచ్చినవాళ్లకూ రానివాళ్లకూ, తెలుగువాళ్లకూ మరాఠీవాళ్లకూ అందరికీ అదే దారం. పనిలో సగం ఆ మూడు మూతలే చేసేస్తున్నాయి. జనం ఎంత సంబరంగా వేళ్లు పెడుతున్నారంటే, పిండి కాదు, ఎవరో పెళ్లికి చీరలు పరిచినట్టుంది.

"గిర్ని నడుపుతుందా, దుకాణం పెట్టిందా?" అంది ఆగమ్మ ఇంటికొచ్చి. "మందిని అడిగి పిండి పట్టుడేంది? తెల్వనోళ్లే అడుగుతరు."

"ఏందీ?" అన్నాడు రాయమల్లు.

"ఏం లేదు."

ఆగమ్మ ఒక పరీక్ష పెట్టాలనుకుంది. గోధుమల డబ్బా రాయమల్లు చేతికిచ్చి, "పోయి పట్టించుకుని రా, ఏం మాట్లాడకు, ఏమడిగినా తెల్వదను" అని పంపింది. తన సొంత ఇంటి పిండి ఆ పిల్ల పాడుచేస్తే, దాన్ని వాడంతా తిప్పి చూపించవచ్చు. రాయమల్లు వెళ్లాడు, వచ్చాడు. ఆగమ్మ మూత తీసి పిండి నలిపింది. తను ఎప్పుడూ పట్టే మెత్తటి పిండి కాదు. కాస్త బరక. ఆమె లోపల ఒక దీపం వెలిగింది. "చూసినవా? మన ఇంటి పిండి ఎట్ల జేసిందో!" అంటూ ఆ పిండితోనే చపాతీలు చేసింది, నాలుక మీద సాక్ష్యం ఉంటుందని.

రాయమల్లు నాలుగు తిన్నాడు. మామూలుగా రెండు తింటాడు. ఐదోది అడిగాడు.

"ఎట్లున్నయి?" అంది ఆగమ్మ అనుమానంగా.

"గిప్పుడు మంచిగున్నయి. పంటి కింద జర తగలాలె గద. మూతల చూపిస్తే నేనే జెప్పిన, పచ్చ దారం."

"నువ్వు జెప్పినవా! ఏం మాట్లాడకంటి గద!"

"ఆమె అడిగింది గద."

"మరి ఇరవై రెండేండ్లు నాకెందుకు జెప్పలే?"

రాయమల్లు నమలడం ఆపి, నిజంగానే ఆలోచించాడు. "నువ్వు అడిగితివా?" అన్నాడు. ఆగమ్మ ఐదో చపాతీ ఆయన పళ్లెంలోకి విసిరింది.

భర్త మాటకేముంది, భర్తలు తిండి గురించి ఏదో ఒకటి అంటూనే ఉంటారు అని సర్దుకుంది. బాలమ్మ సంగతి అలా సర్దుకోవడానికి కుదరలేదు.

బాలమ్మది మూడో ఇల్లు. ఇద్దరూ ఒకే ఏడాది బాబుపేట్‌కు వచ్చారు, ఇద్దరి భర్తలూ ఒకే గనిలో ఒకే షిఫ్టు. బాలమ్మ ఇంటి జొన్నలు ఆగమ్మ బరకగా పట్టేది, సంకటిలాంటి గటక కోసం. ఒక్కసారి కూడా తప్పలేదు. ఆ బాలమ్మ డబ్బాకు తెల్ల దారం కనపడింది. ఆగమ్మ సందులోనే ఆమెను ఆపింది.

"ఏందే, నీ డబ్బాకు తెల్ల దారం గట్టింది? ఆ పోరికి తెల్వక సన్నగ పట్టిందా?"

బాలమ్మ డబ్బాను చీర చెంగుతో కప్పబోయింది. అంత పెద్ద డబ్బా చెంగు కింద దాగదు. "నేనే జెప్పిన" అంది చివరికి.

"నువ్వు గటక తింటవ్ గద!"

"గటక మా అత్త తినేది." బాలమ్మ గొంతు తగ్గించింది, అత్త ఎక్కడో వింటున్నట్టు. "అత్త పోయి పదిహేనేండ్లాయె. మేం రొట్టెలే తింటం."

"మరి ఇన్నేండ్లు నేను పట్టిన బరక పిండి?"

"జల్లెడ పడ్తుంటి. పైన మిగిలింది కోళ్లకు పోస్తుంటి." కాస్త ఆగి, నచ్చజెప్పబోయింది. "మా కోళ్లు మంచిగనే పెరిగినయి."

ఒక ముసలమ్మ పోయిన తర్వాత పదిహేనేళ్లపాటు ఆమె పిండిని ఆ ఇంటికి పంపుతూనే ఉంది తను, ఏ పండగకూ తప్పకుండా.

"నోరు లేదా నీకు? చెప్పొద్దా?"

"ఒకసారి చెప్పవోయిన. నువ్వు అందరి ముందట, 'మీ ఇంటి పిండి నాకు తెల్వదా' అంటివి. అందరు నవ్విరి. ఇంక నేనేమందు?"

బాలమ్మ వెళ్లిపోయాక ఆగమ్మ అరుగు మీద కూలబడి నూట ముప్పై ఇళ్లను ఒక్కొక్కటిగా తలచుకుంది. వాటిలో ఎన్నింట్లో జల్లెడలు ఉన్నాయో అని మొదటిసారి అనుమానం వచ్చింది. ఆ అనుమానం ఆమెను మంచిదాన్ని చేసిందని అనుకోకండి. కడుపులో మంట ఇంకా ఎక్కువైంది. తన గిర్ని పోయిందనుకుంది ఇన్నాళ్లూ. ఇప్పుడు తన ఇరవై రెండేళ్లు కూడా ఆ పిల్ల మూడు మూతల్లో పోసి అందరికీ చూపిస్తోంది. దసరా దాకా ఆగాలి. ఏదో ఒకటి జరగాలి.

జరిగింది. సద్దుల బతుకమ్మకు రెండు రోజుల ముందు.

బాబుపేట్‌లో తెలుగిళ్లన్నీ ఆ రోజుల్లో సత్తు చేసుకుంటాయి. మొక్కజొన్న మక్కలు, పల్లీలు వేయించి, ఆ పిండిలో చక్కెరో బెల్లమో కలిపి బతుకమ్మ దగ్గర పంచుకుంటారు. వేయించిన మక్కల డబ్బాలు పొద్దున్నే గిర్ని ముందు వరుసకట్టి కిరాణా కొట్టు దాటాయి. మోటారు మొదలైంది. ఆగమ్మ వాకిట్లో తంగేడు పూలు విడదీస్తోంది. ఒక్క నిమిషంలో ఆమె వేళ్లు ఆగిపోయాయి.

రాళ్లు గరగరమనడం లేదు. జారుతున్నాయి. నున్నటి బండ మీద నున్నటి బండ రుద్దినట్టు, కింద సన్నటి ఈల. రాళ్లు అరిగిపోయాయి. పైన ఉలితో కొట్టిన గంట్లు మాసిపోయాయి. అలాంటి రాళ్ల మధ్య గింజ నలగదు, కాలుతుంది. గోధుమలైతే ఎలాగో గడుస్తుంది. వేయించిన మక్కలూ నూనె దిగే పల్లీలూ పోస్తే గంటలో పిండి ముద్దకట్టి రాళ్లకు అంటుకుని, మాడు వాసన కొడుతుంది. పండగ సత్తు మాడితే ఆ గిర్ని గడప ఎవరూ తొక్కరు. సౌజన్య దసరాకు మీటరు పేరు మార్చుకోదు, తాళాలు తెచ్చి ఇస్తుంది.

ఆగమ్మ చెయ్యాల్సిందేమీ లేదు. ఊరికే కూర్చుంటే చాలు.

కూర్చుంది. సౌజన్య వచ్చి తాళాలు ఇస్తుంటే అనాల్సిన "అయ్యో బిడ్డా!"ను మనసులో రెండుసార్లు అనుకుని చూసుకుంది. రెండోది బాగా కుదిరింది. కానీ ఆ ఈల ఆగదే! ఇంట్లోకి వెళ్లి తలుపేసుకుంది. వినపడింది. టీవీ పెట్టి, చప్పుడు పెంచింది, ఇంకా పెంచింది. రాయమల్లు మురిసిపోయి ముందుకు జరిగాడు. "ఇయ్యాల టీవీ మంచిగ ఇనవడుతున్నది!" అన్నాడు. టీవీ కింద నుంచి, రాయమల్లు నవ్వు కింద నుంచి, ఆ ఈల ఆమె చెవిలోకి వస్తూనే ఉంది.

అప్పుడామెకు ధనరాజ్ గుర్తొచ్చాడు. ఇరవై రెండేళ్ల కిందట ఆమెకు ఈ గిర్ని అమ్మిన ముసలాయన. అమ్మాక కూడా రోజూ వచ్చి గిర్ని ముందు బల్ల మీద కూర్చునేవాడు, ఏమీ అనేవాడు కాదు, చూసేవాడు. నెల చూసి ఆగమ్మ ఆ బల్లను లోపల వేయించింది, కూర్చోవడానికి లేకుండా. మర్నాడు ఆయన నిలబడి చూశాడు. ఒకరోజు ఉన్నట్టుండి లోపలికొచ్చి, "బంద్ కరో!" అని అరిచి, రాళ్లు విప్పించి, వేలితో తడిమించి, "హా ఆవాజ్ ఆయికున్ ఠేవ్" అన్నాడు, ఈ చప్పుడు విని గుర్తుపెట్టుకొమ్మని. అప్పుడామెకు కోపమొచ్చింది, పెత్తనం పోనిచ్చుకోలేని ముసలాయన అని. ఆయనకు కూడా ఆ రోజు కడుపు మండుతూ ఉండిందేమో అన్నది ఇవాళే తట్టింది. మండుతూనే వచ్చి చెప్పి ఉంటాడు.

ఆగమ్మ టీవీ కట్టేసింది. "అయ్యో, ఎందుకు బంద్ జేసినవ్?" అని రాయమల్లు అంటుండగానే సందు దాటింది.

"బంద్ చెయ్ పోరీ! బంద్ చెయ్!"

క్యూ మొత్తం వెనక్కి తిరిగింది. సౌజన్య స్విచ్చి ఆపింది. ఆగమ్మ పిండి దిగే గుడ్డగొట్టం కింద సౌజన్య చెయ్యి పట్టుకుని పెట్టింది.

"ఎట్లున్నది?"

"కాలుతున్నది పెద్దమ్మా."

"చప్పుడు ఇన్నవా?"

"రోజూ ఉన్నట్టే ఉన్నది గద?"

"లేదు. పొద్దుగాలకెళ్లి ఈల ఏస్తున్నది." ముక్కుకు కొంగు చుట్టుకుని, ఆగమ్మ క్యూ వైపు తిరిగింది. "డబ్బాలు ఈడనే ఉంచుండ్రి, మీరు ఇండ్లకు పోయి రెండు గంటలాగి రాండ్రి. రాళ్లు విప్పాలె."

ఇద్దరూ కలిసి రాళ్లు విప్పారు. ఆగమ్మ ఉలీ సుత్తీ పట్టి రాయి నడిమి నుంచి అంచుకు ఒక వరుస గంట్లు కొట్టి చూపించింది, సౌజన్య చేతికిచ్చింది. మొదటి వరుస వంకర పోయింది. రెండోది కొంచెం నయం. మూడో వరుస ఆగమ్మది కన్నా తిన్నగా వచ్చింది. ఆగమ్మకు అది నచ్చలేదు. దగ్గు వచ్చిందని లేచి బయటికి వెళ్లి కాసేపు నిలబడి వచ్చింది.

"నాకు మొదలే ఎందుకు చెప్పలే పెద్దమ్మా?" అంది సౌజన్య, తలెత్తకుండా, గంట్లు కొడుతూనే. ఆ గొంతులో ఎత్తిపొడుపు లేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టుంది.

ఆగమ్మ చెప్పగలిగిన అబద్ధాలు రెండు మూడు ఉన్నాయి. ఏదీ నోటికి రాలేదు. "నువ్వు గిర్ని వాపసు ఇస్తవనుకున్న" అంది.

సుత్తి ఒక్క క్షణం ఆగింది. "బరం" అంది సౌజన్య. అంటే, సరే అని. మళ్లీ సుత్తి మొదలైంది. ఇంకో వరుస అయ్యాక, "నేను గూడ మొదటి పది దినాలు ఇచ్చేద్దామనే అనుకున్న" అంది.

"నిజమా?" అంది ఆగమ్మ. అంత ఆశగా అన్నందుకు తనకే సిగ్గేసింది.

"నిజం. ఆ దినం నన్ను లోపల పెట్టి తాళమేస్తివి చూడు, కాసేపు కూసుని ఏడ్చి, ఏం తోచక ఊడుస్తుంటే అనిపించింది. ఇంత మంది పిండి నాకు తెల్వదు, అడిగితే పోలే? అని."

అంటే మూడు మూతలకు మూలం తన తాళమే. ఆగమ్మ ఆ సంగతి ఎవరికీ చెప్పకూడదని అక్కడికక్కడే నిర్ణయించుకుంది.

రాళ్లు బిగించాక ముందు గుప్పెడు జొన్నలు పోసి పట్టి, ఆ రాతిపొడి కలిసిన పిండి పారబోయాలని చెప్పింది. సత్తుకు తొట్టి మూత సగమే తెరవాలని, మక్కలు ముందు, పల్లీలు చివర అని చెప్పింది. చెప్పడం మొదలయ్యాక ఆగలేదు. తేమ బియ్యం మోత, పట్టా వదులైతే వచ్చే చప్పుడు, వానాకాలంలో స్విచ్చి కొట్టే ముందు చెయ్యి తుడుచుకోవడం. సౌజన్య వింది. అర్థం కానిచోట ఆపి అడిగింది. ఇరవై రెండేళ్లలో ఆగమ్మను అలా ఆపి అడిగినవాళ్లు లేరు. ఆమె ఆపనిస్తే కదా.

ఆ సాయంత్రానికి సత్తు దిగింది. మాడు వాసన లేదు, ముద్ద లేదు. సద్దుల నాడు బతుకమ్మల చుట్టూ తిరిగి, సత్తు పంచుకుంటుంటే, ఆగమ్మ వెనక ఎవరో కోడలు అంటోంది. "ఎంత మంచిగ వచ్చింది! సౌజన్య గిర్నిల పట్టించిన."

సౌజన్య గిర్ని. ఆ మాట మొదటిసారి విన్నది ఆ రోజే. నోట్లో ఉన్న సత్తు ఆగమ్మకు మింగుడు పడలేదు. నీళ్లు తాగింది. మళ్లీ ఇంకో చోట అదే మాట వినపడింది. మళ్లీ నీళ్లు తాగింది. రాళ్లకు గంట్లు ఎవరు కొట్టించారో వీళ్లెవరికీ అక్కర్లేదు. సౌజన్య మాత్రం అందరికీ చెప్పబోయింది. ఆగమ్మే చెయ్యి పట్టి ఆపింది. చెబితే మెచ్చుకుంటారు, మెచ్చుకుంటే రేపటి నుంచి మళ్లీ ఆ గిర్నిలోకి వెళ్లి కూర్చోవాలనిపిస్తుంది. ఆ బలహీనత తనకుందని ఆమెకు బాగా తెలుసు.

దసరా వెళ్లిన నాలుగో రోజు కరెంటు ఆఫీసులో కాగితం మీద ఆగమ్మ తెలుగులో సంతకం చేసింది. చేస్తున్నంతసేపూ పక్కన సౌజన్య ఊపిరి బిగబట్టింది. ఆగమ్మ 'ఆ' రాసి ఆగింది, 'గ' రాసి ఆగింది. ఆఫీసులో మనిషి గడియారం చూసుకున్నాడు. అక్షరాలు మర్చిపోయి ఆగిందో, మనసు మార్చుకోవడానికి ఆగిందో అడిగే ధైర్యం సౌజన్యకు లేదు. మూడో అక్షరం, దాని ఒత్తు పడ్డాక ఆ పిల్ల ఒంగి కాళ్లకు దండం పెట్టింది. ఆగమ్మ "చాలు చాలు" అంది. ఇంటికొచ్చి రెండు రోజులు ఎవరు పలకరించినా కసురుకుంది. ఆ రెండు రోజులూ రాయమల్లు తన చెవులకు దణ్ణం పెట్టుకున్నాడు.

దగ్గు తగ్గింది. వాకిట్లో కూర్చోవడం తగ్గలేదు. ఇప్పటికీ మోటారు మధ్యాహ్నం ఆగకుండా మోగుతుంటే ఆమె ముఖం ముడుచుకుంటుంది. ఇంకో ఊళ్లో ఇంకో గిర్ని పెడితే ఎలా ఉంటుందని ఒకసారి జ్యోతిలక్ష్మికి ఫోన్లో అంటే, అవతల ఫోను పెట్టేసిన చప్పుడు వినపడింది. ఆ చప్పుడూ ఆమె సరిగ్గానే గుర్తుపట్టింది.

కార్తీకంలో ఒక పొద్దున బాలమ్మ గబగబా వచ్చింది. గుప్పిట మూసి ఉంది. ఎన్నో వారాలుగా ఆగమ్మ అలాంటి గుప్పిట కోసం చూసింది. బాలమ్మ విప్పింది. జొన్నపిండి, చందనంలా మెత్తగా ఉంది.

"చూడు ఆగక్కా, ఈసారి మరీ బారీక్ పట్టింది. రొట్టె చెయ్యికి అతుకుతున్నది, పెంకమీద పగులుతున్నది. నాకు జర గరుకు ఉండాలె. పోరికి చెప్తే బాగుండదు, ఏమనుకుంటదో ఏమో. నువ్వొక మాట చెప్పరాదు, నీ మాట ఇంటది."

ఆగమ్మ పిండిని వేళ్ల మధ్య నలిపింది. బాలమ్మ చెప్పింది నిజమే. కాస్త ఎక్కువ మెత్తన. లోపల ఆ పాత దీపం ఒక్కసారి వెలగబోయింది. పొయ్యి మీద టీ గిన్నె ఉంది, చక్కెర డబ్బా నిండుగా ఉంది, ఎదురుగా బాలమ్మ ఓదార్పు కోసం సిద్ధంగా కూర్చుంది. సందు అవతల మోటారు తేలిగ్గా పరిగెడుతోంది. ఆగమ్మ ఆ పిండిని మళ్లీ బాలమ్మ గుప్పిట్లోనే పోసి, వేళ్లు మూసింది.

"పదిహేనేండ్లు నాకు చెప్పకుంట కోళ్లకు పోస్తివి, ఆమెకన్న చెప్పుకో పో."